మా స్కౌట్ మాస్టారు పోయారు, ఆయన పేరున ఏం చేస్తే బాగుంటుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో 27 ఏళ్లు స్కౌట్ దళాన్ని నడిపిన మాస్టారు నెల క్రితం చనిపోయారు. జీతం పాఠాలు చెప్పినందుకే తప్ప స్కౌటింగ్ కోసం ఆయన రూపాయి తీసుకున్నది లేదు. పాత విద్యార్థులంతా వాట్సాప్‌లో ఒకచోట చేరి 3 లక్షల రూపాయల దాకా పోగుచేశారు. బడి ఆవరణలో విగ్రహం పెడదామని కొందరు, ఏటా బంగారు పతకం ఇద్దామని కొందరు, జ్ఞాపక సంచిక వేద్దామని ఇంకొందరు అంటున్నారు. ఏది ఆయనకు తగినట్టుగా ఉంటుందని అడిగారు.

నేను 34 ఏళ్లు స్కౌట్ మాస్టరుగా పనిచేశాను. ఇలాంటి సంస్మరణలు ఆరేడింటిలో చేయి పెట్టాను, వాటిలో రెండింటిని చెడగొట్టాను కూడా. కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను.

విగ్రహం వద్దు. పతకం కూడా ఇప్పుడే వద్దు. ముందు ఆయన దళం ఇంకా నడుస్తోందా లేదా చూడండి. ఆగిపోయి ఉంటే మీ డబ్బూ మీ శ్రమా మొదట దానికే వెళ్లాలి. ఆ తర్వాత, ఆయన గురించి మీకు గుర్తున్నవి చెదిరిపోకముందే రాసిపెట్టుకోండి. సభ చిన్నదిగా, పిల్లల చేతుల మీదుగా జరగనివ్వండి. మిగిలినవన్నీ ఏడాది ఆగవచ్చు.

విగ్రహాల మీద నాకు పగ లేదు. ఒక పట్టణంలో నా స్నేహితుడికి, నాకంటే ఎంతో మెరుగైన స్కౌటరుకు, అర్ధవిగ్రహం పెట్టిన కమిటీలో నేనూ ఉన్నాను. చందాలు, శిల్పి చుట్టూ తిరగడం, స్కార్ఫు మడతలు సరిగ్గా రాలేదని రెండుసార్లు వెనక్కి పంపడం, అన్నీ శ్రద్ధగానే చేశాం. మెడ దగ్గర వాగల్‌ను (స్కార్ఫును పట్టి ఉంచే చిన్న ఉంగరాన్ని) మాత్రం ఆ శిల్పి చివరికీ చొక్కా గుండీలాగే చెక్కాడు. తీరా ఆవిష్కరణకు ముందు రోజు, వందనం చేయడానికి పది మంది పిల్లల్ని పంపమని ప్రధానోపాధ్యాయుణ్ని అడిగితే ఆయన మా ముఖాల వంక చూశారు. మా మిత్రుడు రిటైరయిన సంవత్సరమే ఆ బడిలో స్కౌటింగ్ ఆగిపోయిందట. కమిటీలో తొమ్మిది మందిమి ఉన్నాం, ఒక్కరికీ తెలియదు. పక్క ఊరి బడి నుంచి పిల్లల్ని అరువు తెచ్చుకున్నాం. వాళ్లు ఆయన్ని ఎన్నడూ చూసినవాళ్లు కారు. ఎండలో నిలబడి ఎవరికో వందనం చేసి, పులిహోర పొట్లాలు తీసుకుని వెళ్లిపోయారు.

ఇది ఆ బడి ఒక్కదాని తప్పు కాదు. మన దగ్గర ఒక్కో దళం ఒక్కో మనిషి మీద నిలబడి ఉంటుంది. ఏటా దళాన్ని నమోదు చేయించాలి, పిల్లలకు సోపాన పరీక్షలు (మెట్టు మెట్టుగా పైకి వెళ్లేవి) పెట్టాలి, రాష్ట్ర స్థాయి రాజ్య పురస్కార్ పరీక్షకు తీసుకెళ్లాలి, రైలు టికెట్లు తానే కొనాలి, తల్లిదండ్రులకు తానే సర్దిచెప్పాలి. దానికి అదనంగా వచ్చేదేమీ లేదు. ఆ మనిషి బదిలీ అయినా, రిటైరయినా, పోయినా, వ్యాయామ ఉపాధ్యాయుణ్ని పిలిచి 'కాస్త చూస్తూ ఉండండి' అంటారు. చూస్తూ ఉండగానే జెండా బీరువాలోకి వెళుతుంది, మరుసటి ఏడు నమోదు తప్పుతుంది. మీ మాస్టారు పోయి నెలే అయింది కనుక ఇంకా వ్యవధి ఉంది.

బడికి వెళ్లి మూడు సంగతులు కనుక్కోండి. ఈ ఏడాది నమోదు జరిగిందా, దళంలో ఎంతమంది మిగిలారు, ఏ ఉపాధ్యాయుడికైనా ఆసక్తి ఉందా. ఉంటే ఆ ఉపాధ్యాయుణ్ని స్కౌట్ మాస్టర్ల బేసిక్ కోర్సుకు పంపండి. ఆ తర్వాత అడ్వాన్స్‌డ్, దాని మీద హిమాలయ వుడ్ బ్యాడ్జ్ అనే పై స్థాయి శిక్షణ, అవి నెమ్మదిగా చేసుకోవచ్చు. బడిలో ఎవరూ ముందుకు రాకపోతే మీలో ఒకరు రండి. బడితో సంబంధం లేకుండా నడిచే ఓపెన్ దళాలు భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో ఉన్నాయి. జిల్లా సంఘాన్ని అడిగితే పద్ధతి చెబుతారు. మీ బృందంలో ఇంతమంది ఉండి శనివారం సాయంత్రం రెండు గంటలు ఇవ్వగలవాడు ఒక్కడూ లేడంటే, క్షమించాలి, అసలు ఇబ్బంది ఏ స్మారకం పెట్టాలన్నది కాదు.

ఇక్కడ చిన్న పక్కదారి. రోలాండ్ ఫిలిప్స్ అని ఒకాయన ఉండేవారు. ఒక ప్రభువు కుమారుడు. 1910 తర్వాతి సంవత్సరాల్లో తూర్పు లండన్ పేటల్లోని పిల్లల మధ్య స్కౌటింగ్ నడిపారు. దళమంతటినీ మాస్టరే తోలుకుపోకుండా, ఆరుగురు ఎనిమిది మంది చొప్పున పెట్రోల్‌లుగా చేసి బాధ్యతను పెట్రోల్ లీడర్‌కు అప్పగించడం ఎలాగో అందరికంటే స్పష్టంగా రాసింది ఆయనే. (స్కౌటింగ్ తెలియనివారికి: ఇది బంకులో పోసే పెట్రోల్ కాదు, పిల్లల జట్టు పేరు.) 1916 జులైలో, మొదటి ప్రపంచ యుద్ధంలోని సోమ్ పోరులో 26 ఏళ్ల వయసుకే చనిపోయారు. స్టెప్నీ గ్రీన్‌లో తాను కొన్న ఇంటిని స్కౌట్లకే చెందేలా వీలునామా రాసి వెళ్లారు. రోలాండ్ హౌస్ పేరుతో అది దశాబ్దాలపాటు స్కౌట్లకు నీడనిచ్చింది. ఇల్లు రాసిచ్చే స్తోమత మన మాస్టార్లకు ఎక్కడిది! కానీ ఆ పెట్రోల్ పద్ధతి మీ మాస్టారి దళంలో నడిచి ఉంటే, ఆయన వదిలి వెళ్లినది ఇప్పుడు ఎనిమిదో తరగతిలో కూర్చుని ఉంటుంది. ఆ పెట్రోల్ లీడర్లను పిలిచి మాట్లాడండి. మాస్టారు తర్వాతి నెలకు ఏం అనుకున్నారో మీకంటే, ప్రధానోపాధ్యాయుడికంటే వాళ్లకే బాగా తెలుసు.

ఇక రాసి పెట్టుకోవడం. జ్ఞాపక సంచిక అనగానే అందరూ ఒకే వ్యాసం పంపుతారు. 'నిస్వార్థ సేవాతత్పరులు, క్రమశిక్షణకు మారుపేరు, ఎందరి జీవితాల్లోనో వెలుగులు నింపారు.' ఈ వాక్యాలు పైన ఏ పేరు పెట్టినా సరిపోతాయి. నిన్న పోయిన సహకార బ్యాంకు అధ్యక్షుడికీ ఇవే వాడారు. అందుకే వ్యాసాలు అడగకండి, ప్రశ్నలు పంపండి. ఆయన మిమ్మల్ని ఏ పేరుతో పిలిచేవారు? మొదటి క్యాంపులో రాత్రి ఇంటి మీద బెంగపడితే ఏం చేశారు? ఎప్పుడైనా ఆయన పొరపాటు చేయడం చూశారా? హైక్‌లో (కాలినడక యాత్రలో) దారి తప్పినప్పుడు ఎవరు ముందు నడిచారు?

ఇలా అడిగితే ఏం దొరుకుతుందో చెబుతాను. నాకు స్కౌటింగ్ నేర్పిన మాస్టారు పోయినప్పుడు మేం పాతవాళ్లం పదిహేడు మందిమి కూర్చుని రాసుకున్నాం. ఒకతను రాసింది: క్యాంపులో మా పెట్రోల్ అన్నం మాడ్చితే మాస్టారు ఏమీ అనేవారు కాదు, తన కంచం తెచ్చి అడుగున ఉన్న మాడంతా తానే వేయించుకునేవారు, అప్పటి నుంచి మాడకుండా వండడం నేర్చుకున్నాం. ఇంకొకతను 2003 గోదావరి పుష్కరాల సంగతి రాశాడు. రాజమండ్రిలో ఘాట్ దగ్గర తప్పిపోయిన పిల్లల్ని కూర్చోబెట్టే చోట మాస్టారు పెద్దవాళ్లను ఉంచేవారు కాదు, పదకొండేళ్ల స్కౌట్‌ను ఉంచేవారు. ఏడుస్తున్న నాలుగేళ్ల పిల్లకు ఎవరైనా పెద్దాయన వంగి 'నీ పేరేమిటమ్మా' అంటే ఇంకా గట్టిగా ఏడుస్తుంది. తనకంటే కాస్త పెద్ద పిల్లవాడు పక్కన చతికిలబడి మరమరాలు తింటూ అడిగితే చెప్పేస్తుంది. ఇది ఏ శిక్షణ కోర్సులోనూ నాకు ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతి జాతరలోనూ అలాగే చేశాను, ప్రతిసారీ పనిచేసింది.

అయితే ఒక హెచ్చరిక. మనిషి పోయాక కథలు పెరుగుతాయి. స్కౌటింగ్‌లో అందరికీ తెలిసిన ఉదాహరణ ఉంది. 1909లో విలియం బాయ్స్ అనే అమెరికన్ ప్రచురణకర్త లండన్‌లో పొగమంచులో దారి తప్పాడట. ఒక స్కౌట్ కుర్రవాడు వచ్చి దారి చూపించి, ఇవ్వబోయిన డబ్బు వద్దన్నాడట, స్కౌట్లు చేసిన మేలుకు ప్రతిఫలం తీసుకోరని చెప్పాడట. మరుసటి ఏడు అమెరికాలో స్కౌటింగ్ మొదలైంది. ఆ కుర్రవాడు ఎవరో ఎవరికీ తెలియదు. పేరు తెలియని ఆ స్కౌట్ గుర్తుగా అమెరికన్లు 1926లో లండన్ పక్కన గిల్‌వెల్ పార్కుకు ఒక కంచు అడవిదున్న బొమ్మ ఇచ్చారు. ఈ కథ నాకు చాలా ఇష్టం, ప్రతి కొత్త పిల్లవాడికీ చెబుతాను. కానీ అందులో పొగమంచు తర్వాత చేరిన అలంకారమని తవ్వి చూసినవాళ్లు అంటారు. దారి చూపిన పిల్లవాడు చాలు, పొగమంచు అక్కర్లేదు. మీ సంచికలో కూడా, వరదలో యాభై మందిని రక్షించారు అని ఎవరైనా రాస్తే ఎవరు చూశారో అడగండి. ఇద్దరిని బయటికి లాగి ఉంటే ఇద్దరనే రాయండి.

మా మాస్టారి విషయంలో ఇంకో చిక్కు వచ్చింది. మీకూ రావచ్చు. ఆయన రేకుపెట్టెలో లాగ్ పుస్తకాలతో (దళం ఏం చేసిందో రాసిపెట్టేవి) పాటు మరో పదకొండు నోటుపుస్తకాలు దొరికాయి. ప్రతి పిల్లవాడికీ ఒక పేజీ. నీళ్లంటే భయం. ఇంట్లో ఒక పూటే తింటాడు, క్యాంపులో రెండోసారి వడ్డించాలి, అందరి ముందూ అడగకూడదు. తండ్రి తాగుతాడు, ఆదివారం ఇంటికి త్వరగా పంపవద్దు. సంచిక సంపాదకుడికి అవి బంగారు గని అనిపించాయి, అచ్చు వేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. పెద్ద గొడవే అయింది. ఆ పిల్లవాళ్లు ఇప్పుడు యాభై ఏళ్లవాళ్లు, ఊళ్లో పేరున్నవాళ్లు, వాళ్ల తండ్రుల గురించి ఊరంతా ఎందుకు చదవాలి? చివరికి పేజీలు జాగ్రత్తగా విప్పి ఎవరి పేజీ వాళ్లకు కవరులో పెట్టి ఇచ్చాం. చిరునామా దొరకని వాళ్లవి ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. పిల్లల గురించి ఆయన రాసుకున్నవి ఏవి దొరికినా వాట్సాప్‌లో ఫోటో తీసి పెట్టకండి. లాగ్ పుస్తకం వేరు. అది దళానిది, దళానికే ఇవ్వాలి.

ఆయన లోపాలు. ఇది చాలామందికి నచ్చదు. మా మాస్టారు కోపిష్టి. ఒకసారి క్యాంపులో పోయిన గడియారానికి తప్పు పిల్లవాణ్ని అనుమానించి ఇంటికి పంపేశారు. గడియారం తర్వాత గుడారం మడతల్లో దొరికింది. ఆయన ఆ ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగారట. కానీ ఆ పిల్లవాడు మళ్లీ దళంలోకి రాలేదు. సంస్మరణకు పిలిస్తే వచ్చి, వెనక నిలబడి, అదంతా చెప్పాడు. ముందు వరుసలో ఒకాయన ఆపబోయాడు. మాస్టారి కొడుకే 'చెప్పనివ్వండి' అన్నాడు. ఆ రోజు మాట్లాడినవారిలో నాకు అక్షరం అక్షరం గుర్తున్నది అతని మాటలే. మీ మాస్టారి గురించి ఎవరైనా నొప్పితో మాట్లాడితే, పోయినవాళ్ల గురించి ఇప్పుడెందుకని నోరు మూయించకండి. చిన్న మనస్తాపం కాకుండా నిజంగా తీవ్రమైన విషయం బయటికి వస్తే సభ ఆపేసి అయినా ముందు అది వినాలి.

సభ గురించి. నేను చెడగొట్టిన రెండోది ఇదే. మరో స్కౌటర్ సంస్మరణ సభ, ఒక మార్చి నెలలో, ఉదయం పదిన్నరకు, బడి మైదానంలో. వేదిక మీద పద్నాలుగు మంది. వారిలో ఆయన్ని ఎరిగినవారు ముగ్గురు. దళం పిల్లలు యూనిఫాంలో రెండు వరుసలుగా ఎండలో. మూడో ఉపన్యాసానికి ఒక పిల్ల కళ్లు తిరిగి పడిపోయింది. ప్రథమ చికిత్స బ్యాడ్జి ఉన్న పక్క పిల్లే చూసుకుంది, అది వేరే సంగతి. ఏర్పాట్లు నావి. ఆ చనిపోయిన స్కౌటర్ ఉండి ఉంటే నన్ను అక్కడే దులిపేసేవారు. పిల్లల్ని నీడలో కూర్చోబెట్టండి, ముప్పావు గంట దాటనివ్వకండి. ఆయనతో కనీసం ఒక రాత్రి గుడారంలో పడుకున్నవారికే మైకు ఇవ్వండి. ఈ ఒక్క నియమంతో సగం ఉపన్యాసాలు తగ్గిపోతాయి, చూడండి.

సర్వధర్మ ప్రార్థన స్కౌటింగ్‌లో ఎలాగూ ఉన్నదే, దానితో మొదలుపెట్టండి. పిల్లలు చేయగలిగినది ఇంకొకటి ఉంది. హైక్‌లో దారి గుర్తులు నేర్పుతాం కదా, బాణం అంటే ఇటు వెళ్లు, ఇంటూ గుర్తు అంటే ఇటు రాకు. చిట్టచివరి గుర్తు ఒక వృత్తం, మధ్యలో చుక్క. నేను ఇంటికి వెళ్లిపోయాను అని అర్థం. స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పావెల్ 1941 జనవరి 8న కెన్యాలో చనిపోయారు. న్యేరీలో ఆయన సమాధి రాతి మీద ఉన్న గుర్తు అదే. బడి గేటు నుంచి స్కౌట్ గది దాకా పిల్లల చేత గులకరాళ్లతో దారి గుర్తులు పెట్టించండి, గది ముందు ఆ వృత్తం. పదకొండేళ్ల పిల్లలకు శోకసభలో ఏం చేయాలో తోచదు, ఏడవాలా నవ్వకుండా ఉండాలా తెలియదు. చేతికి రాళ్లిస్తే తెలుస్తుంది.

తేదీ విషయంలో నా అభిప్రాయం, వర్ధంతి కుటుంబానికి వదిలేయండి. దళానికి ఫిబ్రవరి 22 ఉంది. బేడెన్ పావెల్‌దీ ఆయన భార్య ఓలేవ్‌దీ ఇద్దరి పుట్టినరోజూ అదే, ప్రపంచమంతా స్కౌట్లు, గైడ్లు ఆ రోజును చింతన దినంగా (థింకింగ్ డే) జరుపుకుంటారు. లేదా మీ మాస్టారు ఏటా క్యాంపు పెట్టే రోజులు ఉంటే అవి ఇంకా మంచివి.

కుటుంబాన్ని అడిగారా? మీ ప్రశ్నలో ఆ మాటే లేదు. స్వచ్ఛందంగా పనిచేసినవాడు ఇచ్చినది తన సమయం ఒక్కటే కాదు, ఇంట్లోవాళ్ల ఆదివారాలు కూడా. నా స్నేహితుడి విగ్రహావిష్కరణకు ముందు ఆయన భార్యను ఆహ్వానించడానికి వెళితే ఆవిడ, "అన్నయ్యగారూ, నన్ను వేదిక ఎక్కించకండి. క్యాంపు నుంచి తెచ్చిన బురద బట్టలు ముప్పై ఏళ్లు ఉతికాను. ఆ మాట ఎవరైనా ఒక్కరు చెబితే చాలు" అన్నారు. చెబుతానని మాటిచ్చి వచ్చాను. నా వంతు వచ్చేసరికి మంత్రిగారి కారు వచ్చిందని మైకు లాక్కున్నారు. చెప్పలేదు. ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

డబ్బు. 3 లక్షలకు ట్రస్టు పెట్టకండి, రిజిస్ట్రేషను, ఏటా లెక్కల తనిఖీ, సంతకాల కోసం తిరగడం, రెండేళ్లకు విసుగొస్తుంది. ఇద్దరు ముగ్గురి ఉమ్మడి ఖాతాలో డిపాజిట్ వేయండి. 7 శాతం వడ్డీ వస్తుందనుకున్నా ఏటా 21,000 రూపాయలు. యూనిఫాం కొనలేని, క్యాంపు రుసుము కట్టలేని పిల్లలకు అది సరిపోతుంది, ఎవరికిచ్చారో చాటింపు వేయనక్కర్లేదు. బంగారు పతకం ఎప్పుడూ అప్పటికే అన్నీ వచ్చిన పిల్లవాడికే వెళుతుంది. మొదటి ఏడాది మాత్రం అసలులోంచే కొంత తీసి రెండు మంచి గుడారాలు, కొత్త తాళ్లు కొనండి, కొత్త మాస్టరు కోర్సు ఖర్చు భరించండి.

మరొక్క సంగతి, మీ జిల్లాలో ఇంకా బతికే ఉన్న మాస్టార్లు కొందరు ఉంటారు. దీర్ఘకాల సేవకు, విశేష సేవకు సంస్థలో పురస్కారాలు ఉన్నాయి. ప్రతిపాదన కాగితం ఎవరో ఒకరు రాసి పంపితేనే కదులుతుంది. నా స్నేహితుడి కాగితం పంపాలని మూడేళ్లు అనుకుంటూనే ఉన్నాను.

మా మాస్టారి నోటుపుస్తకాల్లో నా పేజీలో ఏముందని ఎవరైనా అడుగుతారు, ముందే చెప్పేస్తాను. మాస్టారి చేతిరాతలో మూడు ముక్కలు. 'ముడులు తొందరగా వస్తాయి. పక్కవాడికి నేర్పడు. పెట్రోల్ లీడర్‌ను చేసి చూడాలి.' అప్పుడు నాకు పన్నెండేళ్లు. ఎందుకు చేశారో అప్పట్లో అర్థంకాక, నేనే అందరికంటే తెలివైనవాణ్ననుకుని ఏడాదంతా గర్వంగా తిరిగాను.

ఈ శనివారమే బడికి వెళ్లండి. స్కౌట్ గది తాళంచెవి ఆయన ఇంట్లోనే ఉండి ఉంటుంది, ముందు వాళ్లకు ఫోను చేయండి.